పెద్దమ్మ అడిగిన నెత్తళ్లు

మా పెద్దమ్మ పోయింది. మృగశిర కార్తె దాటిన వారానికి, పొద్దున చాయ్ తాగి మంచం మీద అటు తిరిగి పడుకున్న మనిషి మళ్లీ ఇటు తిరగలేదు. మా అమ్మకు అక్క. భర్త పోయాక మోత్కూర్‌లో మా ఇంట్లోనే ఉండి నన్ను పెంచింది. పలకరించడానికి వచ్చినవాళ్లంతా "పుణ్యాత్మురాలు, ఎవరినీ తిప్పలు పెట్టలేదు" అంటున్నారు. నిజమే, తిప్పలు పెట్టింది నేను.

పెద్దమ్మకు నెత్తళ్లంటే ప్రాణం. అంగడిలో కొన్న ఆ చిన్న ఎండు చేపలను చాటలో పోసుకుని, తలలు గిల్లుతూ నాకు పాఠం చెప్పేది. "నోరు సూడవే, కన్ను దాటి ఎన్కకు చీలింది. పై మూతి ముంగటికి పొడుసుకొచ్చింది." పుల్లంత సన్నవీ వేలంత పొడుగువీ కలిసే ఉండేవి. ఇవి వేరు, అవి వేరు అంటే ఒప్పుకునేది కాదు. "అన్ని ఒక్క ఇంటియే. నోరు సూస్తె తెల్వదా? మనోళ్ల లెక్కనే, మనిషంత నోరే!"

పెంక మీద దోరగా వేయించి పుంటికూరలో, అదే గోంగూరలో, వేసేది. ఆ వాసనకు పక్కింటివాళ్లు గిన్నె పట్టుకుని వచ్చేవారు. ఒక్కరినీ ఉత్తచేతులతో పంపలేదు. "వాసనొచ్చినంక దాసుకోని తింటె ఒంటవడ్తదా?" అనేది.

తను సముద్రం చూడలేదు. రెండేళ్ల కింద నేను ఒక పెళ్లికి కోస్తాకు పోయి, ఒడ్డున పచ్చి నెత్తళ్లు చూసి వచ్చాను. అప్పుడే పట్టినవి గాజులా ఉంటాయని, పక్కల పొడుగునా జరీ అంచులాంటి తెల్లటి గీత మెరుస్తుందని, ముట్టుకుంటే పొలుసు ఊడి వేలికి అంటుతుందని చెప్పాను. ఒడ్డు దగ్గరే మందలు మందలుగా తిరుగుతాయట, నోరు తెరుచుకుని ఈదుతూ నీళ్లలోని నలుసులు తింటాయట. పట్టిన కాసేపటికే పాడవుతాయి కాబట్టి ఇసుకలో ఎండబోస్తారు. పెద్దమ్మ గరిటె పక్కన పెట్టి మరీ విన్నది.

"జరీ అంచా! గంత సోకు జేస్కొని మన పుంటికూరల వడ్డయా, పాపం" అని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

ఈ ఎండాకాలం పెద్దమ్మకు కాళ్లు వాచాయి. దవాఖానలో ఉప్పు తగ్గించమన్నారు. నేను నెత్తళ్ల డబ్బా తీసి నా అల్మారాలో చీరల వెనుక దాచాను. ఆమె మంచికే అనుకున్నాను. మృగశిర రోజు ఆనవాయితీగా ఊరంతా చేపలు తిన్నది, మేమూ తిన్నాం. పెద్దమ్మకు మాత్రం చప్పటి పప్పు పెట్టాను.

"బిడ్డా, రెండు నెత్తల్లేసి జర పుంటికూర వండరాదె."

"అంగట్ల దొరుకుతలేవు, పెద్దమ్మా."

ఆమె అల్మారా వైపు ఒకసారి చూసింది. "మందలు మందలు తిరుగుతయంటివి గదనే. గన్ని యాడికి వాయె?"

నేను తలెత్తకుండా అన్నం కలిపాను. ఆమె పెట్టిందంతా తిన్నది. చేయి కడుక్కుంటూ "పప్పు మంచిగున్నది బిడ్డా" అన్నది. మూడిళ్ల అవతల ఏం పొయ్యి మీద పెట్టారో చెప్పే ముక్కు ఆమెది. రెండు చేపలు తింటే ఏమయ్యేది? ఏమో, అయ్యేదేమో కూడా. నాకు సిగ్గనిపించేది ఆ అబద్ధానికే.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడి కాకి కోసం చూస్తాం. కాకి ముట్టలేదంటే ఏదో కోరిక మిగిలిపోయిందని మా నమ్మకం. మటన్, గారెలు, కల్లు అన్నీ పెట్టారు. నేను గుప్పెడు నెత్తళ్లు వేయించి కొంగున కట్టుకుని పోయాను. కాకి ముట్టదు, నాకు తెలుసు. అప్పుడు అందరి ముందూ దాచిన సంగతి చెప్పి, వాటిని విస్తరిలో పెట్టి దండం పెట్టుకోవాలనుకున్నాను.

మేము నాలుగడుగులు వెనక్కి వేశామో లేదో, కాకి వచ్చి వాలింది. గారె ముక్క ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది.

"సూసిండ్రా, ఏ కోరిక లేకుంట వోయింది మా అక్క" అన్నాడు మేనమామ. అందరూ తేలికపడ్డ ముఖాలతో స్నానాలకు బయలుదేరారు. నేనూ వాళ్ల వెనకే నడిచాను, కొంగు ముడి విప్పకుండానే. ఇల్లు చేరేదాకా ఆ వాసన నాతోనే వచ్చింది.