నాలుగో రికార్డు రెండో వైపు

దుబాయ్‌లో నేను పనిచేసే గ్రంథాలయానికి పాత పుస్తకాల పెట్టెలు వస్తుంటాయి. అట్ట విప్పగానే ఎండిన జిగురు వాసన ముక్కుకు తగిలితే నాకు ముందు మస్తాన్ భాయ్ గుర్తొస్తారు. షార్జా అల్ నహ్దాలో ఆయనకు అదే వాసన వేసే పాత గ్రామఫోన్ రికార్డుల కొట్టు ఉండేది. నెల్లూరు మనిషి. కరోనా తగ్గుముఖం పట్టిన ఏడాది, రికార్డుల వివరాలు కంప్యూటర్లో ఎక్కించే పనికి అక్కడ చేరాను. డైరీలో పేజీలు నింపేదాన్ని గానీ మనుషుల ముందు గొంతు పెగిలేది కాదు. "నీ వాల్యూమ్ బటన్ యాడుందమ్మా?" అని మొదటిరోజే నవ్వారు.

రికార్డును కంటితో చూసి బాగుందని రాయడం ఆయన కొట్టులో కుదరదు. రెండు వైపులా పూర్తిగా విని, ఎక్కడ చిటపటలాడినా చీటీ మీద రాయాలి. ఆ చీటీని నమ్మే ఎక్కడెక్కడివాళ్లో కొనేవారు.

అలా విన్నవాటిలో అరవైల నాటి ఒక అమెరికన్ ఫోక్ రాక్ బృందం ఉంది. ముగ్గురు మగవాళ్లు, ఒక అమ్మాయి. ఆరేళ్లు కలిసి ఉన్నారు, నాలుగు రికార్డులు చేశారు. మొదటిదాంట్లో మామూలు గిటార్లే. రెండోదాంట్లో కరెంటు గిటారు పట్టుకునేసరికి పాత అభిమానులు అలిగారట. మూడోది దేశమంతా మోగింది. నాలుగోదాన్ని, పోట్లాడుకుని, ఎవరి పాట వాళ్లు విడిగా పాడి ముగించారు. "మొదటిదాంట్లో పాట ఎత్తుకునే ముందు నలుగురూ ఒక్కసారే ఊపిరి తీస్తారు, ఇను. నాలుగోదాంట్లో ఎవురి ఊపిరి వాళ్లదే," అనేవారు భాయ్. ఆయన చెప్పాకే ఆ ఊపిరి నాకు వినిపించింది.

అబుదాబి నుంచి ఒకాయన ఆ నాలుగు రికార్డులూ కావాలన్నారు. భాయ్ స్వయంగా విని, నాలుగోదాని చీటీ మీద "ఎక్కడా చప్పుడు లేదు" అని రాసి సంతకం పెట్టారు. వివరాలు ఎక్కించే ముందు నేనూ విన్నాను. రెండో వైపు, అమ్మాయి ఒక్కతే పాడే పాటలో, సన్నగా, పాట పొడుగునా చిటపట. కడిగి, ముల్లు మార్చి మళ్లీ పెట్టాను. ఉంది. ఈమధ్య కొట్టు ఫోను మోగినా ఆయన తల ఎత్తడం లేదన్నది అప్పుడు తట్టింది.

చెబితే ఆయన మనసు ఏమవుతుందో! చెప్పకపోతే ఆ సంతకం అబద్ధమవుతుంది. కాగితం మీద రాసి బల్ల మీద పెట్టేద్దామనుకున్నాను. రాశాను కూడా. దాన్ని చించేసి ఆయన ఎదుట నిలబడ్డాను.

"భాయ్, నాలుగోదాంట్లో చప్పుడుంది."

"యాడ? నేను ఇన్నా గదా."

"అమ్మాయి పాడే పాటలో."

ఆయన రికార్డు పెట్టి, స్పీకరుకు చెవి ఆనించారు. "ఇప్పుడొస్తందా?"

"వస్తోంది భాయ్."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ."

పాట అయ్యాక ముల్లు ఎత్తి, రికార్డును అట్టలో పెట్టారు. "నాకు రాలేదమ్మా. ఖలాస్, ఈ చెవులు రిటైరయినాయి." పాత చీటీ చించి, కొత్తదీ పెన్నూ నా వైపు జరిపారు. "నువ్వు రాయి. సంతకమూ నీదే. రేపు అబుదాబి ఆయనొస్తే చెప్పేదీ నువ్వే."

చెప్పాను. నాలుగోది వదిలేసి, ఆయన మూడే తీసుకుని వెళ్లారు. "బాగానే చెప్పావే! యల్లా, కానీ, టీ చెప్పు," అన్నారు భాయ్. ఆ తర్వాత నేను వినని రికార్డు ఏదీ కొట్టు దాటలేదు.

ఆయన నెల్లూరు వెళ్లిపోయి రెండేళ్లయింది. ఇక్కడ మా ముదీర్, అంటే మేనేజరు, పొరపాటు చేసినప్పుడు, అందరూ మెయిల్ పెట్టమంటారు. నేను లేచి ఆయన గదిలోకి వెళ్తాను. గొంతు వణుకుతుంది. వణికినా చెప్పడం ఆపను.