దిస్సూకీ మేస్త్రీ ఎర్త్

కారులో ఏ లైటు చెడినా దిస్సూకీ మేస్త్రీ చెప్పే జబ్బు ఒకటే: ఎర్త్. అలెగ్జాండ్రియా దారిలో ఉన్న తంతా అనే ఊళ్ళో, మా సందులో ఆయనది కార్ల కరెంటు పని, పక్క కొట్టులో నాది రేడియేటర్ల పని. ఆయన నోట వేరే జబ్బు పేరు నేను వినలేదు.

చాలాసార్లు అదే అయ్యేది కూడా. పండక్కి మావాళ్ళు బండికి రంగు వేయిస్తారు. రంగువాడు ఎర్త్ వైరు బండి రేకుకి తగలాల్సిన బోల్టు చోటు కూడా వదలకుండా పూస్తాడు. పండగ వెళ్ళగానే, బ్రేకు నొక్కితే ఇండికేటర్లు వెలిగే బళ్ళు సందులో బారులు తీరేవి. మేస్త్రీ బోల్టు విప్పి, కింద రేకు తళతళలాడేదాకా గరుకు కాగితంతో రుద్ది బిగించేవాడు.

"తప్పెవరిది మేస్త్రీ, రంగువాడిదేనా?"

"ఎర్త్‌ది."

బావమరిది వైర్లు కెలికి కాల్చేశాడని ఒకడు తిట్టుకుంటూ వస్తే, "కుర్రాణ్ణి ఏమీ అనకు, ఎర్త్" అన్నాడు. మా ఆవిడ అలిగి పుట్టింటికి పోయిందని చెప్పుకున్నా అదే మాట. "వెళ్ళి తుప్పు వదిలించుకో" అన్నాడు. బస్బూసా మిఠాయి పళ్ళెం పట్టుకెళ్ళాను. పని జరిగింది.

ఒక సాయంత్రం మెత్వల్లీ బాబాయ్ తన పాత పెజో కారు తెచ్చాడు. ఏడుగురిని ఎక్కించుకుని అలెగ్జాండ్రియాకి తిప్పే బండి. మా పాత డ్రైవర్లు రాత్రిళ్ళు లైట్లు ఆర్పుకునే నడుపుతారు, ఎదురుగా ఎవడైనా వస్తే ఒకసారి మిణుక్కుమనిపిస్తారు. బ్యాటరీ ఆదా అని వాళ్ళ లెక్క.

"ఇన్నేళ్ళూ లైట్లు వేయకుండా నడిపాన్రా దిస్సూకీ. ఇప్పుడు రెండూ వేసినా రోడ్డు కనబడట్లేదు. నిన్న గాడిద బండి మీదికి పోబోయాను."

"గాడిదకి లైట్లు ఉన్నాయా బాబాయ్?" అన్నాను.

"దానికీ ఎర్త్ లేదు" అన్నాడు మేస్త్రీ.

లైట్లు వేయించాడు. ఎదుటి గోడ పట్టపగల్లా అయింది. అక్కడ అంటించిన పెళ్ళి కాగితంలో పేరు నాకు ఇక్కడికే కనబడుతోంది.

"ఆ పెళ్ళికొడుకు పేరు చదువు బాబాయ్" అన్నాను.

"ఏ కాగితంరా?"

నేను నోరు తెరవబోయాను. మేస్త్రీ నా కాలు తొక్కాడు. చుట్టూ స్టాండు డ్రైవర్లున్నారు. కళ్ళు అన్న మాట పైకి వస్తే చాలు, ఆ బండిలో ఇక ఎవరూ ఎక్కరు.

ఆయన మీటరు పెట్టి చూశాడు. బ్యాటరీ దగ్గర కరెంటు ఎంతో, దీపం దగ్గరా అంతే. అయినా శుభ్రంగా ఉన్న బోల్టు విప్పి, మెరుస్తున్న రేకునే మళ్ళీ రుద్దాడు.

"ఎర్తే. కొత్త రాగిపట్టీ పడాలి. అది వచ్చేదాకా చీకట్లో బండి తీయకు. ఈలోగా నాకో పని చేసిపెట్టు బాబాయ్. కళ్ళ డాక్టరు వజ్దీ గారి మిషన్లో లైటు మసగ్గా ఉందట. ఆ కుర్చీలో కూర్చుని చూసిరా. లైట్ల సంగతి నీకు తెలిసినట్టు ఆయనకేం తెలుసు?"

బాబాయ్ మీసం దువ్వుకుంటూ వెళ్ళాడు. ఆయన సందు మలుపు తిరగగానే మేస్త్రీ డాక్టరుకి ఫోను చేశాడు.

రెండు కళ్ళలోనూ శుక్లాలు. వేసవి దాటేలోగా ఆపరేషన్లు అయ్యాయి. బాబాయ్ మళ్ళీ వచ్చిన సాయంత్రం మేస్త్రీ పాత పట్టీనే తుడిచి బిగించి లైట్లు వేయించాడు. బాబాయ్ గోడమీద చిరిగిన కాగితం కేసి చూశాడు.

"పెళ్ళికొడుకు ఫత్హీ. వీడికి పిల్లనెవరిచ్చార్రా?"

"చెప్పానా, ఎర్త్" అని మేస్త్రీ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాడు.

బాబాయ్ నా చెవి దగ్గరికి వంగాడు. "లోపం నా కళ్ళదటరా, డాక్టరు చెప్పాడు. దిస్సూకీకి తెలియనివ్వకు. జబ్బు తప్పు చెప్పానని పాపం చిన్నబుచ్చుకుంటాడు."

"మరి అడిగితే ఏం చెప్పను?"

"ఎర్త్ అను."