ఖాళీ గుంటల్లో పసుపు

ల్యాబులో ఆమెను అందరూ కణాలక్క అంటారు. ఎముకను తయారుచేసే కణాలను చిన్న చిన్న గుంటలున్న ప్లేట్లలో పెంచడం ఆమె పని. వాటికి ఆహారంగా సీరం పోస్తుంది. రక్తం గడ్డకట్టాక పైన తేరుకునే లేత పసుపు నీరే సీరం. బోలెడన్ని ప్రొటీన్లు అందులోనే ఉంటాయి. కడుపు నిండిన కణాలు ఒక ఎంజైమును పనిలోకి దించుతాయి, ఎముక గట్టిపడటానికి అది కావాలి. అది తగిలితే రంగులేని మందునీళ్ళు పసుపుపచ్చగా మారతాయి. ఎంత ఎంజైముంటే అంత పసుపు.

ఇన్నేళ్ళూ ఆమె పెంచినవన్నీ ఎవరెవరి ప్రశ్నల కోసమో పెంచిన కణాలే. తనదంటూ ఒక ప్రశ్న పుట్టింది మాత్రం ఇంట్లో. టైలరు పని చేసే భర్త స్టూలు మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కత్తెర పట్టలేని మనిషికి నోరు ఊరుకోదు కదా!

"విరిగిన చోట ముందు రక్తం గడ్డకడుతుందన్నావు. అయితే ఆ రక్తంలోదేదో ఎముకను తట్టి లేపుతుందా ఏంటే?" అన్నాడు.

ఆమె నవ్వేసింది గానీ ఆ మాట బుర్రలోంచి పోలేదు. సీరంలోని ఒక ప్రొటీన్ మీద ఆమెకు అనుమానం. దాని పేరు పలకాలంటే నోరు తిరగదు. దాన్ని కాస్త ఎక్కువ పోస్తే ఎంజైము జోరందుకుంటుందా? అడగ్గా అడగ్గా ల్యాబు నడిపే మేడం మెత్తబడింది.

"సరే, రెండు ప్లేట్లిస్తాను. తేలకపోతే మళ్ళీ ఈ ఊసెత్తకూడదు."

పరీక్షకు ముందు కణాల మీది సీరాన్ని కడిగెయ్యాలి. ఎవరి ప్లేటునైనా శుభ్రంగా కడిగే ఆ చెయ్యి, సొంత ప్లేటు దగ్గరికొచ్చేసరికి ఆడలేదు. గట్టిగా పోస్తే కణాలు ఊడి కొట్టుకుపోతాయేమోనని బెంగ. తడిపీ తడపనట్టు ఒక్కసారి పోసి వదిలేసింది. మందునీళ్ళు పోసిన కాసేపటికి, ప్రొటీన్ ఎక్కువ పోసిన వరుస చిక్కటి పసుపు! ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. వెంటనే భర్తకు ఫోన్ చేసింది. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. వీధి చివర పళ్ళకొట్టు అక్క దాకా వార్త పాకిపోయింది.

ఫోన్ పెట్టేశాక చివరి వరుస చూసింది. ఆ గుంటల్లో అసలు కణాలే వేయలేదు, ఉత్త సీరం పోసి కడిగింది. అవీ పసుపే! సీరంలో సొంతంగా కొంత ఎంజైము ఉంటుంది. సరిగా కడగకపోతే ఆ రంగు కణాలదో, మిగిలిపోయిన సీరానిదో ఎవరు చెప్పగలరు? కొత్తగా చేరినవాళ్ళకు ఈ సంగతి నేర్పేది కూడా ఆమే.

"గారాబం చేసి చెడగొట్టాను మేడం," అంది దిగాలుగా.

మేడం నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇంకో ప్లేటుంది కదా. ఈసారి సవతితల్లిలా కడుగు."

ఇంటికెళ్తే భర్త గోల. "వీధంతా చాటేశానే! ఇప్పుడు మొహం ఎక్కడ పెట్టుకోను?"

"చాటమని ఎవరన్నారండీ? కుట్టుమిషన్ వెనకాల పెట్టుకోండి."

రెండో ప్లేటును ఆమె పళ్ళు బిగబట్టి కడిగింది. పోసింది, వంచింది, మళ్ళీ పోసింది. మైక్రోస్కోపులో చూస్తే కణాలు ఎక్కడివక్కడే అతుక్కుని కూర్చున్నాయి. మొండిఘటాలు! వీటి కోసమా తను అంత బెంగపడింది? మందునీళ్ళు పోశాక ప్రొటీన్ వరుస వైపు చూసే ధైర్యం చేయలేదు. చూపంతా కణాల్లేని ఖాళీ గుంటల మీదే. అవి తేటగా ఉన్నాయి. ఎంతసేపు చూసినా తేటగానే ఉన్నాయి. ఆమె కళ్ళు చెమర్చాయి.

అప్పుడు పక్కకు చూసింది. మామూలు సీరం తాగిన కణాల వరుస లేత పసుపు. ప్రొటీన్ వరుస అంతకంటే ఒక పిసరు చిక్కన. మునుపటి ఆర్భాటం లేదు గానీ, ఉన్నదంతా కణాలదే. మేడం ప్లేటును వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది.

"మూడో ప్లేటు ఎప్పుడు మొదలుపెడతావు?" అంది.

ఆ మాట చాలు. ఆమె వరండాలోకి పరుగెత్తి ఫోన్ చేసింది. "ఏవండీ, ఖాళీ గుంటల్లో ఏమీ రాలేదండీ! ఏమీ రాలేదు!"

"రానిదానికా ఇంత సంబరం?"

"దానికే!"

సాయంత్రం బస్సు దిగేసరికి పళ్ళకొట్టు అక్క కొట్టు వదిలేసి ఎదురొచ్చింది. "ఏమీ రాలేదంటగా! ఎంత సంతోషమమ్మా," అంటూ చేతిలో ఒక యాపిల్ పెట్టింది. కణాలక్క దాన్ని అక్కడే కొరుక్కుంటూ ఇంటికి నడిచింది.