ఇంటిపేరు

ఏలూరులో జర్నలిజం పాఠాలు చెప్పే అహరోను గారు ఎవరి పేరైనా ఇంటిపేరుతో సహా రాసుకుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, తిరిగి వాళ్లకే చదివి వినిపిస్తారు. "పేరు గురించి ఇంత పట్టింపు దేనికండీ?" అని ఓ రోజు భాగ్యశ్రీ అనే విద్యార్థిని నవ్వుతూ అడిగింది. ఆయన సుద్దముక్క కింద పెట్టేశారు.

"కైకలూరులో విలేకరిగా ఉండగా కొల్లేట్లో పడవ మునిగి దుర్గాసాయి అనే అతను పోయాడమ్మా. ఆ ఊళ్లో ఆ పేరుతో ఇద్దరున్నారు. నేను వెళ్లి అడక్కుండా బతికున్నవాడి ఇంటిపేరు రాసేశాను. చేపల చెరువు కాపలాకెళ్లిన కొడుకు పేరు పొద్దున్నే పేపర్లో చూసి, వాళ్లమ్మ గుండాగి పోయింది."

"సవరణ వెయ్యలేదాండీ?" అందామె మెల్లగా.

"మర్నాడే వేశాం, రెండు లైన్లు. ఆ కాగితం పట్టుకుని అతను మా ఆఫీసుకొచ్చాడు. తిట్టలేదమ్మా. 'మా అమ్మ పోయిందండీ, అది కూడా వేస్తారా?' అని అడిగాడు."