ఆవిరి మీద విప్పిన పేజీలు

టీచరమ్మ పోయిందన్న వార్త వికారాబాద్ నుంచి పొద్దటి రైల్లో వచ్చింది. ఆమె తమ్ముడు మా గుమ్మం ముందు నిలబడి, "అక్క లేదమ్మా. గుండె ఆగిందన్నరు డాక్టర్లు" అని చెప్పి అరుగు మీద కూలబడ్డాడు. నేనింకా కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. ఎదురింటి పటేలు వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు: "నిజంగ గుండెనేనా? లేకుంటే గా రోగమేమన్న..."

గా రోగమట. దాని పేరు పలకడానికి కూడా ఆయనకు నోరు రాదు. ఎయిడ్స్ గురించి మాట్లాడినవాళ్లకే ఎయిడ్స్ అంటగట్టే ఊరు మాది. మలేరియా పాఠం చెప్పిన సారుకు ఎవరూ మలేరియా అంటగట్టలేదే! పెళ్లి కాని ఆడమనిషి నోరు విప్పిందన్న కక్ష ఆమె శవం లేవకముందే బయటపడింది. ఏడుస్తూ నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను గానీ, రాస్తుంటే కోపమే వస్తోంది. చదివేవాళ్లు ఓర్చుకోవాలి.

తాండూరులో ఆమె మా పక్కింట్లో కిరాయికి ఉండేది. అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం నడుస్తున్నప్పుడు ఉద్యోగంలో చేరిందట. చేరగానే బళ్లు బందయ్యాయి. "జీతం కన్న ముందుగాల నాకు సెలవులొచ్చినయి చెల్లె" అని నవ్వేది. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే "తీరలే" అనేది, అంతే. జీవశాస్త్రం చెప్పేది. బడి నుంచి రాగానే చీర కుచ్చిళ్లకు అంటిన చాక్‌పీసు పొడి దులుపుకుని, అల్లం దంచి చాయ్ పెట్టేది. ఏం చెప్పినా చివర ఒక మాట అనేది: "సమజైందని తల ఊపుడు కాదు, నాకు మళ్ల చెప్పు." నాకు జ్వరం మందు వాడే తీరు చెప్పినా అంతే, తిరిగి అప్పజెప్పేదాకా వదలదు.

మా బడిలో ఒక ఆచారం ఉంది. జూన్‌లో పదో తరగతి పుస్తకాలు రాగానే పెద్దసారు మైదాపిండి ఉడికింపజేస్తాడు. జీవశాస్త్రంలో మనిషి పుట్టుక పాఠం ఉన్న పేజీలను పిల్లల చేతనే ఒకదానికొకటి అంటింపజేస్తారు. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే వదిలేయాలి. మరి పిల్లలు ఊరుకుంటారా? ఎండకు పట్టి చూస్తారు, ఉమ్మి తడిచేసి చింపుతారు. చిరిగిపోగా మిగిలిన సగం పాఠానికి లారీల అడ్డా మీద విన్న సగం కథ కలుపుకుంటారు. వాళ్ల చదువు అంతటితో పూర్తయ్యేది.

టీచరమ్మ మా ఊరికి వచ్చిన ఏడాదే ఆ పుస్తకాలన్నీ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది. నా చాయ్ కెటిల్ అడిగి తీసుకుంది. నీళ్లు మరిగించి, కెటిల్ ముక్కులోంచి వచ్చే ఆవిరికి పేజీలు పట్టి, పాత చీర కుట్లు విప్పినంత ఓపికగా విప్పింది.

"అక్కా, పెద్దసారు ఊకుంటడా?" అన్నాను.

"అంటిపెట్టినోళ్లకు లేని సిగ్గు విప్పినదానికి నాకెందుకు చెల్లె?"

మరునాడు ఆడపిల్లలనూ మగపిల్లలనూ కూర్చోబెట్టి, తలుపు బార్లా తీసిపెట్టి పాఠం చెప్పింది. ఆ ఏడాది పెద్దసారు గొణిగి ఊరుకున్నాడు.

కొన్నేళ్లకు పేపర్లలో ఎయిడ్స్ అనే మాట కనబడసాగింది. మద్రాసులో ఉందన్నారు, బొంబాయిలో ఉందన్నారు. మా ఊరు "గది దూరపు రోగం" అని ఆ పేపర్లలోనే మిరపకాయ బజ్జీలు కట్టుకుంది. ఆమె మాత్రం నిద్రపోలేదు. మా ఊరి పిల్లలు పదోది కాగానే చాలామంది నాపరాళ్ల లారీలు ఎక్కుతారు. ముందు క్లీనర్లు, మీసాలు ముదిరేసరికి డ్రైవర్లు. "మన బండలు బొంబాయి దాక పోతున్నయి గద. పోయిన లారీ ఆడనే ఉంటదా? వాపస్ రాదా?" అని అడిగేది.

అందుకే క్లాసులో చెప్పడం మొదలుపెట్టింది. రోగం ఉన్నవాళ్లతో కలిసి తింటే రాదు, ముట్టుకుంటే రాదు. నెత్తుటి వల్ల వస్తుంది, ఒకరికి గుచ్చిన సూది ఇంకొకరికి గుచ్చితే వస్తుంది, ఆడామగా కలయిక వల్ల వస్తుంది. పిల్లలను ఒక్కొక్కరినీ లేపి తిరిగి చెప్పించుకుంది. ఆ చెప్పించుకోవడమే కొంప ముంచింది. పిల్లలు ఇళ్లల్లో కూడా అప్పజెప్పారు.

పటేలు నలుగురిని వెంటేసుకుని ఆమె వాకిట్లోకి వచ్చాడు.

"మా పోరగాండ్లను ఖరాబ్ చేస్తున్నవ్ టీచరమ్మా. పెండ్లి కానిదానివి, నీకెందుకీ ముచ్చట్లు?"

"కూసోండ్రి పటేలా, చాయ్ తాగుండ్రి. మీ కొడుకు ఎండకాలంల బొంబాయి లారీ ఎక్కుతడంట గద. ఆ తొవ్వల ఏమేమున్నయో మీకెర్కనే. మీరు చెప్తరా, నన్ను చెప్పమంటరా?"

పటేలు చాయ్ ముట్టలేదు. అందరికీ తెలిసిన సంగతే. తండ్రులు నడిచిన తొవ్వే అది.

నెల తిరక్కముందే బదిలీ కాగితం వచ్చింది, కుల్కచర్ల దగ్గర బస్సు సరిగ్గా పోని పల్లెకు. అప్పుడొక్కసారే ఆమె ఏడవడం చూశాను. "బదిలీకి ఫికర్ లేదు చెల్లె. ఈయేడు పిల్లలకు సగమే చెప్పిన. వాళ్లు గా సగంతోటే లారీ ఎక్కుతరు."

ఆ మిగతా సగం కోసం ఆదివారం ఆదివారం బస్సులు మారి తాండూరు వచ్చేది. మా ఆయనది లారీల మెకానిక్ షెడ్డు. ఆదివారం బండ్లు మరమ్మతుకు వస్తాయి, వాటితోపాటు డ్రైవర్లూ క్లీనర్లూ. పాత టైరు మీద కూర్చుని వాళ్లకు చెప్పేది, తిరిగి చెప్పించుకునేది. నిరోధ్ పొట్లాలు దవాఖానాలో ఊరికే ఇస్తారు గానీ, పెళ్లైనవాళ్లకే ఇస్తామని కాంపౌండరు పట్టుబట్టాడు. పెళ్లైనవాళ్లలో పోయి అడగడానికి ఒప్పుకున్నది మా ఆయన ఒక్కడే! మళ్లీ మళ్లీ వెళ్లి తెచ్చేవాడు. "ఏందన్నా, గింత అవసరమా?" అని కాంపౌండరు పరాచికం. బజారంతా నవ్వింది, నేను తలెత్తుకోలేకపోయాను. టీచరమ్మ మాత్రం "నవ్వనియ్ చెల్లె, నవ్వుతోటి ఎవ్వలు సావరు" అంది. పొట్లాలు పానాల డబ్బాలో ఉండేవి. కుర్రాళ్లు పానా వెతుకుతున్నట్టు నటిస్తూ తీసుకుపోయేవారు.

కోర్టుకు పోతే బదిలీ ఆగేదేమో. ఆమె పోలేదు. ఆ ఎండల్లో, ఆ బస్సుల్లో నిలబడి తిరిగిన గుండె ఎన్నాళ్లు కొట్టుకుంటుంది? వికారాబాద్‌లో తమ్ముడింటికి సెలవులకు వెళ్లి, అక్కడే పోయింది.

పోయిన వారం బడిలో సంతాపసభ పెట్టారు. బదిలీ చేయించినవాళ్లే దండలు తెచ్చారు. పటేలు మైకు పట్టుకుని, "గంత పద్ధతిగల్ల మనిషి. ఎన్నడు తల ఎత్తి మాట్లాడలే" అన్నాడు. నా చెవులను నేనే నమ్మలేదు. అంతలో వెనక నుంచి ఒక గొంతు. ఆయన కొడుకే, ఇప్పుడు డ్రైవరు, బొంబాయి నుంచి లారీ దిగి నేరుగా వచ్చాడు.

"లేదు నాయినా. తల ఎత్తే మాట్లాడింది. నా కండ్లల్లకు చూసి చెప్పింది, నాతోని మళ్ల చెప్పిచ్చుకున్నది. నువ్వు చెప్పనిదంత ఆమెనే చెప్పింది."

పెద్దసారు గబగబా లేచి, అందరినీ నిలబడి మౌనం పాటించమన్నాడు. మా ఊరికి బాగా వచ్చిన పని అదే.

ఇంటికొచ్చాక మా బిడ్డ పుస్తకాల సంచి తీశాను. ఈ ఏడాది పదో తరగతిలోకి వచ్చింది. జీవశాస్త్రం పుస్తకం తెరిస్తే మధ్యలో ఒకచోట అట్టలా బిర్రుగా ఉంది. మైదా ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆమెకు దండ వేసిన చేతులే పిండి ఉడికించాయి.

పొయ్యి ముట్టించి కెటిల్ పెట్టాను. "అమ్మా, పెద్దసారు తిడ్తడేమో" అంది బిడ్డ. "తిట్టనీ. ఇటు రా, గట్టిగ గుంజకు, చిరుగుతది" అన్నాను. ఆవిరికి పేజీ అంచు మెల్లగా లేచింది. బిడ్డ వంగి మొదటి వాక్యం బయటికి చదివింది. నేను పొయ్యి దగ్గరే కూర్చుని, "ఇగ మళ్ల చెప్పు" అన్నాను.