నాలుగు దిండ్ల ఆయాసం

పోయిన నెల అనంతపురంలో ఒక చిన్నవయసు డాక్టరు నన్ను ఎడమ పక్కకు ఒత్తిగిలేట్టు పడుకోబెట్టి, రొమ్ము మీద చల్లటి జిగురేదో పూసి, ఎదురుగా ఉన్న తెర మీద నా గుండెను చూపించాడు. చూపించింది నాకు కాదు, పక్కన నిలబడిన నా మనవడికి. మైట్రల్ వాల్వ్ దగ్గర కొంచెం తేడా ఉందని, మర్మర్ వినిపిస్తోందని, ఈ వయసులో చాలామందికి ఉండేదేనని వాడితో చెబుతుంటే, పడుకున్నచోటి నుంచే నేను, లీకా, ఇరుకా అని అడిగాను. డాక్టరు చెయ్యి ఆగింది. అంతలో మా మనవడు నవ్వి, "మా జేజికి ఇవన్నీ తెలీవు సార్, ఊరికే అడుగుతాది" అన్నాడు. ఆ మాటకు వాడితో రెండు రోజులు మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో వాడికి ఇప్పటికీ తెలియదు. నా ఈడువాళ్ళు మీరైనా తెలుసుకోవాలని రాస్తున్నాను. గుండెలోని ఆ తలుపు సంగతి నాకు వాడి నాయన పుట్టకముందు నుంచే తెలుసు.

మాది పామిడి. మేము దూదేకులవాళ్ళం. మా నాయన విల్లు భుజాన వేసుకుని చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి పాత దూది ఏకి, పరుపులు, బొంతలు, దిండ్లు కుట్టి ఇచ్చేవాడు. ఎండాకాలమంతా మా ఇంటి వసారాలో ఆ వింటి తంతి మోగుతూనే ఉండేది. ఇంట్లో అన్నం మీద, నీళ్ళకుండ మీద, మా కనురెప్పల మీద సన్నటి నూగు పడుతూ ఉండేది. ఆ ఇంట్లో నుంచి చదువుకుని, ట్రైనింగు ముగించి, ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేరిన మొదటి ఆడపిల్లను నేను. ఆడపిల్లకు పలకెందుకని మా నాయనను నలుగురిలో ఎగతాళి చేసినవాళ్ళ పేర్లన్నీ నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. వాళ్ళ మనవళ్ళకు ఒకటో తరగతి అక్షరాలు నేర్పింది కూడా నేనే కాబట్టి ఆ సంగతి ఇంతటితో వదిలేస్తాను.

నాకంటే నాలుగేళ్ళు చిన్నది మా చెల్లెలు. దానికి పదేళ్ళప్పుడు ఒకసారి గొంతునొప్పి వచ్చి తగ్గిపోయి, కొన్నాళ్ళకు జ్వరంతో మోకాలు వాచింది. మోకాలు తగ్గిందనుకుంటే మడమ, మడమ తగ్గిందనుకుంటే మోచెయ్యి. అమ్మ ఉప్పు వేయించి మూట కట్టి కాపడం పెట్టింది, దర్గాలో చదివింపులు చేయిస్తానని మొక్కుకుంది. నెల తిరిగేసరికి పిల్ల లేచి పరుగెత్తింది. మేమంతా మరిచిపోయాం. ఇంట్లో ఒక్కరమైనా మరిచిపోకుండా ఉండి ఉంటే అని తరువాత చాలాకాలం అనుకున్నాను.

యాభైలు ముగిసి అరవైలు మొదలయ్యే రోజుల్లో, దానికి పదహారేళ్ళు నిండాక, ఆయాసం మొదలైంది. బిందె ఎత్తుకుంటే ఆయాసం, గబగబా మాట్లాడితే ఆయాసం. మాకెవ్వరికీ అనుమానం కలగలేదు. దూదేకే ఇంట్లో దగ్గు, ఆయాసం మామూలే. మా తాత దగ్గి దగ్గి పోయాడు, మా పెదనాయనకు రొమ్ములో పిల్లికూతలు. దీనికీ ఆ నూగే పట్టిందనుకున్నాం. చదునుగా పడుకుంటే ఊపిరాడటం లేదని అది అంటే, నాయన బూరుగు దూది ఏరి మెత్తటి దిండు కుట్టి తల కింద పెట్టాడు. కొన్నాళ్ళకు రెండోది అడిగింది, తరువాత మూడోది. వేరే ఇళ్ళల్లో అయితే ఇన్ని దిండ్లు ఎక్కడి నుంచి తేవాలి, అసలు ఇన్ని ఎందుకని ఎవరైనా ఒక్క క్షణం ఆలోచించేవాళ్ళు. మా ఇంట్లో దూదికేం కొదవ? అడిగిన ప్రతిసారీ నాయన మురిసిపోయి కుట్టాడు. నాలుగు దిండ్లకు చేరగిలబడి కూర్చుని నిద్రపోయే కూతుర్ని, "మా ఇంటి నవాబు బిడ్డ" అని వచ్చినవాళ్ళకు చూపించి నవ్వేవాడు.

తాలూకా ఆసుపత్రికి నేనే తీసుకువెళ్ళాను. ఆ ఊరి పేరు, ఆ డాక్టరు పేరు రాయను, అది నా మంచితనం. ఆయన బల్ల వెనకనుంచి లేవలేదు. మెడలో వేలాడుతున్న గొట్టం మెడలోనే ఉంది. ఎవరింటి పిల్లవని అడిగి, నేను చెప్పగానే కాంపౌండరు వైపు తిరిగి, "దూదేకులోళ్ళ పిల్లకు ఆయాసం రాకుంటే కదప్పా వింత" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఎర్రటి దగ్గుమందు ఒక సీసా ఇచ్చి, దూదికి దూరంగా గాలి తగిలేచోట పెట్టమని పంపించారు. మా చెల్లెలు దారి పొడుగునా తలవంచుకుని నడిచింది. ఆ నవ్వు నా చెవుల్లో ఎన్నేళ్ళు మోగిందో చెప్పలేను.

గాలి తగిలేచోటంటే మాకు తోచింది ముదిగుబ్బ దగ్గర మా మేనత్త ఊరు. దాన్ని అక్కడికి పంపాం. మేము చేసిన పెద్ద తప్పు అది. వేరుశనగ చేలల్లో చెనక్కాయలు పీకే కాలం. మా అత్త మంచిదే కానీ నాలుక మంచిది కాదు. సాళ్ళల్లో రెండు బారలు వంగి పీకి, చెయ్యి నేలకాన్చి కూర్చుండిపోయే పిల్లను చూసి, "ఏమ్మే, నువ్వు కూచున్న కాడికే నడిచి వస్తాయా చెనక్కాయలు? బళ్ళో పంతులమ్మ మీ అక్క, నువ్వు కాదు" అని కూలీలందరి ముందు అన్నదట. మా చెల్లెలికీ నాలాగే పౌరుషం. మళ్ళీ లేచి వంగింది. మూడోవారం దగ్గితే ఎర్రటి నురుగు పడింది. కబురు అందిన రోజే బడికి సెలవు చీటీ రాసి పోయి, దాన్ని నా భుజానికి ఆనించుకుని బస్సులో తెచ్చుకున్నాను. దారిలో అది నన్ను అడిగింది ఒక్కటే. "అక్కా, నేను నిజంగానే సోమరిదాన్నా?"

ఆ ప్రశ్నే నన్ను మొండిదాన్ని చేసింది. ఇంటికి రాగానే జిల్లా వైద్యాధికారికి అర్జీ రాశాను. రొమ్ము మీద గొట్టం ఆనించకుండా రోగం చెప్పడం ఏ పుస్తకంలో ఉందో దయచేసి తెలియజేయగలరని వినయంగానే అడిగాను. జవాబు రాలేదు. రెండోది రాశాను. బళ్ళో హెడ్మాస్టరు పిలిచి, సర్కారు జీతం తింటూ సర్కారు డాక్టరు మీద అర్జీలేమిటమ్మా, ఉద్యోగం ఉండాలని లేదా అని బెదిరించాడు. ఆ సాయంత్రమే మూడోది రాసి, మర్నాడు రిజిస్టరు పోస్టులో పంపాను. చివరికి అనంతపురం పెద్దాసుపత్రిలో లేడీ డాక్టరుకు చూపించమని రెండు వాక్యాల చీటీ వచ్చింది. నాయన దాన్ని చదవలేకపోయినా, తిప్పి తిప్పి చూసి తలపాగా మడతలో పెట్టుకున్నాడు.

ఆ లేడీ డాక్టరమ్మది తమిళ యాస, వేగంగా మాట్లాడేది. మొదట అడిగింది ఆయాసం గురించి కాదు, చిన్నప్పుడు కీళ్ళు వాచాయా అని. వెంట వచ్చిన అమ్మ, ఉప్పుమూటల సంగతి చెప్పింది. తరువాత, పడుకునేటప్పుడు ఎన్ని దిండ్లు అని అడిగింది. నాయన ముఖం వెలిగిపోయింది. "నాలుగు తల్లీ. అన్నీ నా చేత్తో కుట్టినవే, బూరుగు దూది" అన్నాడు. ఆమె కలం కింద పెట్టి, ఒకటి ఎప్పుడిచ్చారు, రెండోది ఎప్పుడని నెలల వారీగా అడిగి రాసుకుంది. ఊపిరితిత్తుల్లో రక్తం నిలిచిపోయి పిల్ల చదునుగా పడుకోలేకపోతోందని, ఒక్కో దిండూ జబ్బు ఎక్కిన ఒక్కో మెట్టని ఆమె మెల్లగా చెబుతుంటే, నాయన తన చేతుల వంక చూసుకుంటూ ఉండిపోయాడు. ఆయన అలా తల దించడం నేను అంతకుముందు చూడలేదు.

అప్పుడామె కాగితం మీద గుండె బొమ్మ గీసింది. ఎడమ పక్కన పైగది, కింద గది, మధ్యలో రెండు రెక్కల తలుపు. దాని పేరే మైట్రల్ వాల్వ్. చిన్నప్పటి కీళ్ళజ్వరం మోకాళ్ళను విడిచిపెట్టింది కానీ ఆ రెక్కల్ని విడిచిపెట్టలేదు. పుండు మానేటప్పుడు రెక్కల అంచులు ఒకదానికొకటి అతుక్కుపోయి దారి సన్నబడింది. ఆ సన్నటి సందులోంచి నెత్తురు తోసుకుపోయేటప్పుడు పుట్టే చప్పుడే మర్మర్ అంది. నేను అర్థం చేసుకుని నాయనకు చెప్పబోయేలోగా ఆయనే బొమ్మ మీద వేలు పెట్టి, "అంచులు కుట్టుకుపోయినాయి. అంతే కదా తల్లీ? కుట్టు విప్పితే సరిపోతాది" అన్నాడు. డాక్టరమ్మ, మా హౌస్ సర్జన్లకు కూడా ఇంత తొందరగా అర్థం కాదని నవ్వింది. మద్రాసులో చేసే ఆపరేషను సరిగ్గా అదే. కొట్టుకుంటున్న గుండెలోకి డాక్టరు వేలు పోనిచ్చి, అతుక్కున్న అంచులు విడదీస్తాడట. చెయ్యకపోతే పిల్ల రెండేళ్ళు ఉంటే గొప్ప అని కూడా చెప్పింది.

ఆ రోజు ఆమె ఇంకొక పని చేసింది. మా చెల్లెల్ని ఎడమ పక్కకు ఒత్తిగిలబెట్టి, గొట్టం నా చెవులకు తగిలించి వినమంది. ముందు నా గుండెను వినిపించింది, లబ్ డబ్ అని తేటగా ఉంది. తరువాత దానిది. మొదటి చప్పుడు చెంపదెబ్బలా గట్టిగా, రెండోదాని వెనకనే చిటిక వేసినట్టు టక్కుమని, ఆ వెంటనే రెండిళ్ళ అవతల ఎవరో విసుర్రాయి తిప్పుతున్నట్టు బరువైన గుర్రు. తలుపు ఇరుకైతే ఇలా గుర్రుమంటుందని, సరిగ్గా మూసుకోక లీకైతే ఉస్సుమని ఊదినట్టు ఉంటుందని చెప్పింది. నాయన గొట్టం చెవులకు తగిలించుకోలేదు. అరచెయ్యి కూతురి రొమ్ము కింద ఆనించి, కళ్ళు మూసుకుని, "తంతి కొట్టి వదిలినాక ఇట్లే అదురుతాది" అన్నాడు. పామిడిలో పలకెందుకన్నవాళ్ళు, తాలూకా ఆసుపత్రిలో నవ్వినవాళ్ళు ఆ గదిలో ఉంటే బాగుండుననిపించింది.

గుత్తిలో రైలెక్కి మద్రాసు పోయాం. ఉచిత వార్డులో పదకొండు రోజులు పడిగాపులు. మా మేనత్త మాత్రం, గుండె కోస్తే మనిషి బతుకుతాడా, మొండిది చెల్లెల్ని చంపుకోవడానికి తీసుకుపోయిందని ముదిగుబ్బ అంతా చెప్పిందని తరువాత విన్నాను. నిజం చెప్పాలంటే అక్కడ వరండాలో కూర్చుని నేనూ అదే అనుకున్నాను. ఆపరేషను కాగితం మీద వేలిముద్ర వేసేముందు నాయన పెద్ద డాక్టరును ఒకటే కోరాడు, వేలు చూపించమని. పక్కనున్న నర్సులు కసురుకున్నారు. పెద్ద డాక్టరు మాత్రం విషయం నాచేత చెప్పించుకుని, నవ్వకుండా చూపుడువేలు చాపాడు. నాయన ఆ వేలిని పట్టుకుని కణుపుల దగ్గర నొక్కి చూసి, "సన్నంగా ఉండాది, బలంగానూ ఉండాది. పో సామీ, పని చేసుకో" అని వేలిముద్ర వేశాడు.

నాలుగు గంటలు. ఎడమ పక్కటెముకల మధ్య జానెడు గాయంతో బయటికి తెచ్చారు. ఐదో రోజున అది నన్ను పిలిచి, వీపు వెనక ఒత్తుగా ఉన్నాయని దిండ్లు తీసెయ్యమంది. ఒకటీ ఒకటీ తీశాను. ఒక్కదాని మీద తలపెట్టి, చదునుగా, నోరు తెరుచుకుని మా చెల్లెలు నిద్రపోతుంటే నాయన మంచం పక్కన నేలమీద కూర్చుని తెల్లవార్లూ చూశాడు.

కీళ్ళజ్వరం మళ్ళీ రాకుండా మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది వేయించాలని మద్రాసువాళ్ళు ఉత్తరం ఇచ్చారు. అనంతపురంలో వేయించవచ్చు. నేను పట్టుబట్టి ఆ తాలూకా ఆసుపత్రికే తీసుకువెళ్ళి, ఉత్తరం ఆయన బల్ల మీద పరిచాను. క్షమించమంటాడనుకున్నాను. చదివి, మడిచి, "గుండె సంగతని నేను అప్పుడే చెప్పినా కదమ్మా" అన్నాడు. కాంపౌండరు అవునన్నట్టు తలూపాడు. దగ్గుమందు సీసా నేను దాచి ఉంచాను, మర్నాడు తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. ఏళ్ళ తరబడి, వాన వచ్చినా బస్సు రాకపోయినా, ఒక్క సూది తప్పకుండా ఆయన చేతే వేయించాను. మా చెల్లెలు పెళ్ళి చేసుకుంది, ఒక కొడుకును కన్నది, ఆ ఆపరేషను తరువాత నలభై ఏళ్ళకు పైగా బతికింది.

ఆపరేషను అయిన ఏడాది ఎండాకాలంలో ఏటి అవతల పల్లెలో మా పిన్నమ్మ ఇంట పెళ్ళి. పెన్నలో నీళ్ళు లేవు, ఆ చివర నుంచి ఈ చివరదాకా ఇసుకే. అడుగు తీసి అడుగు వేస్తే మడమదాకా దిగబడేది. దాన్ని పట్టుకుని నడిపిద్దామని నేను చెయ్యి చాపేలోగా అది చెప్పులు చేతబట్టుకుని ముందుకు పోయింది. సగం ఏటిలో నాకు రొప్పు వచ్చి నిలబడ్డాను. అది చాలా దూరంలో ఆగి, వెనక్కి తిరిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఏరంతా వినబడేట్టు అరిచింది. "ఏమక్కా, ఆయాసమా? సోమరిదానివైపోయినావే! కూచో, నేను నిలబడతాలే."

నన్ను ఎవరేమన్నా మరిచిపోని దాన్ని నేను. ఆ ఎగతాళి కూడా మరిచిపోలేదు. ఇప్పుడు ఏట్లో అంత ఇసుక లేదు, లారీలు ఎప్పుడో ఎత్తుకుపోయాయి. ముళ్ళకంపల మధ్య గుంటలు మిగిలాయి. వంతెన మీద కారులో పోయే మా పిల్లలకు అది ఏరని కూడా తోచదు. వాళ్ళకు గుండెలో ఏముందో తెర మీద ఒక్క నిమిషంలో కనబడుతుంది, అది మంచిదే, కాదనను. కానీ ఆ వేసవి మధ్యాహ్నం కాలుతున్న ఇసుకలో నేను ఊపిరి తీసుకోలేక నిలబడి, నా ముందు అది అంత దూరంలో ఊపిరి నిండా అరుస్తుంటే నాకు కలిగిన గర్వం ఎంతటిదో, ఏ తెర మీద ఎవరికి చూపించను? ఆ రోజు ఏట్లో మేమిద్దరమే ఉన్నాం. ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను.