అందరి గ్లాసుల్లో ఆంజనేయరాజు గారి చెంచా

భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ ఉన్న ఆంజనేయరాజు గారికి ఒకటే రోగం. ఎదుటివాళ్ల గ్లాసులో ఐసు ముక్క కనిపిస్తే తీసి పారేసేదాకా ఆయనకి ఊపిరాడదు. ఆ గ్లాసు చుట్టానిదా, పరాయివాడిదా అని చూడరు. చొక్కా జేబులోంచి స్టీలు చెంచా తీస్తారు, ముంచుతారు, ఏరతారు, దగ్గర్లో ఉన్న పూలకుండీలో పడేస్తారు. "ఇక తాగండి" అంటారు, తామే డబ్బిచ్చి కొనిపెట్టినట్టు.

ఆయన తమ్ముడి భార్య సుభద్రమ్మ రోజూ మధ్యాహ్నం వరండాలో రెండు గ్లాసుల నిమ్మరసం పెట్టేది. ఒకటి భర్త శ్రీనివాసరాజుకి, ఇంకొకటి పక్కింట్లోంచి గేటు తోసుకుని వచ్చే ఈ బావగారికి. రెండింట్లోనూ ఐసు ఉండేది కాదు. శ్రీనివాసరాజు పోయిన దగ్గర్నుంచి ఒకటే గ్లాసు పెడుతోంది. భర్త కుర్చీ తియ్యలేదు, అలాగే ఉంది. బావగారు మాత్రం మామూలుగా వస్తారు, గ్లాసులోకి ఒకసారి తొంగి చూస్తారు, తాగుతారు, పేపరు మడిచి పెట్టి వెళ్లిపోతారు. ఉండాల్సిన మనిషి వెళ్లిపోయాడు, ఈయన తనిఖీ మాత్రం ఆగలేదు అనుకునేది సుభద్రమ్మ. పైకి అనేది కాదు. ఆమె దేన్నీ పైకి అనే మనిషి కాదు.

ఆమె కోపం ఈనాటిది కాదు, థాయిలాండు నాటిది. శ్రీనివాసరాజు జన్మలో చూసిన పరదేశం అదొక్కటే. పోయినవాడి ఆఖరి సరదా తలుచుకుంటే ఆమెకి నీలంగా ఉన్న ఆ సముద్రం గుర్తుకు రావాలి, బంగారు రంగు గుడి గోపురాలు గుర్తుకు రావాలి. గుర్తుకొచ్చేది మాత్రం బావగారి చెంచా, చుట్టూ జనం నవ్వు. అంతకన్నా దోపిడీ ఉంటుందా?

అసలు ఆ ప్రయాణానికి ముందే శ్రీనివాసరాజుకి రక్తంలో జబ్బుందని తేలింది. వాడే మందుల వల్ల ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి తగ్గిపోతుందని డాక్టరు చెప్పాడు. వెళ్లడానికి వెళ్లొచ్చు. కానీ వేడివేడిగా వండినవే తినాలి, సీలున్న సీసా నీళ్లే తాగాలి, ఐసూ పచ్చి కూరముక్కలూ ముట్టకూడదు.

"ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి సుభద్రా. అన్నయ్యక్కూడా చెప్పకు" అన్నాడు శ్రీనివాసరాజు. "జబ్బు సంగతి డాక్టరు చూసుకుంటాడు. ఊళ్లోవాళ్ల జాలి చూపులకి మందెవడిస్తాడు?"

సుభద్రమ్మ చేతిలో చెయ్యి వేసింది. మాట తప్పలేదు.

బయలుదేరే ముందు టూరు నడిపే సత్యప్రసాద్ అందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పాడు. పాస్‌పోర్టు జిరాక్సు వేరే సంచిలో పెట్టుకోవాలి. మందులు పెద్ద పెట్టెలో పడెయ్యకుండా డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో ఉంచుకోవాలి. ఇన్సూరెన్సు వాళ్ల నంబరు దగ్గరుండాలి. దోమల క్రీము రాసుకోవాలి. అంతసేపూ ఆంజనేయరాజు గారు హాయిగా కునుకు తీస్తున్నారు. "కుళాయి నీళ్లు తాగకండి, ఐసు వేసుకోకండి" అన్న చోట మాత్రం కళ్లు తెరిచారు.

"ఏంటండీ, ఆ చివరిది మళ్లీ చెప్పండి."

"ఐసండి. ఏ నీళ్లతో చేస్తారో మనకి తెలీదు కదండి."

"నాకు తెలుసండి. నేను చేసేది అదే కదా. మా ఐసు రొయ్యకి వేస్తాం, అదీ చచ్చాక. బతికున్న మనిషికి ఐసెందుకండి?"

హాలంతా నవ్వింది. నవ్వడం అక్కడే మొదలైంది.

చెప్పిన జాగ్రత్తల్లో ఆయన బుర్రకెక్కింది అదొక్కటే. పాస్‌పోర్టునీ జిరాక్సునీ ఒకే జేబులో పెట్టి, అక్కడికెళ్లాక ఆ చొక్కాని హోటలు చాకలికి వేశారు. దోమల క్రీము తీసుకెళ్లి భార్య మాణిక్యాంబ పాదాల పగుళ్లకి రాశారు. ఇన్సూరెన్సు అంటే బండికి కదా అన్నారు. ఇలాంటి మనిషి లోకానికి ఆరోగ్యం నేర్పడానికి చెంచా పట్టుకుని విమానం ఎక్కారు.

విమానంలో పళ్లరసం ఇచ్చారో లేదో, ఆయన సీటులోంచి లేచారు. మొదటి వేటు అదే టూరులో వచ్చిన రొయ్యల మేత కొట్టు పెద్దిరాజు గ్లాసు మీద పడింది.

"ఏవండోయ్, ఆ చెంచా ఎవరి నోట్లోదండీ?" అన్నాడు పెద్దిరాజు.

"నోట్లోది కాదు, జేబులోది. జేబు నాది. ఆ ఐసు ఎవరిదో మీకు తెలుసా?"

పెద్దిరాజు తేరుకునేలోపు ఆంజనేయరాజు గారు ఆ వరసంతా ఏరేసి వెనక వరసకి వెళ్లారు. మధ్యలో ఎక్కడో శ్రీనివాసరాజు గ్లాసు కూడా అయిపోయింది. ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి వచ్చి ఆయన భుజం పట్టి కూర్చోబెట్టాల్సి వచ్చింది.

సుభద్రమ్మ 'నో ఐస్' అన్న రెండు ముక్కలూ ఇంటి దగ్గర్నుంచీ వల్లెవేసుకుని వెళ్లింది, వడ్డించేవాడి చెవిలో గుట్టుగా చెబుదామని. బావగారున్న చోట ఆ మాట వాడే అవకాశం ఒక్కసారైనా రాలేదు. ఆమె నోరు తెరిచేలోపు బావగారి చెంచా వచ్చేది.

బ్యాంకాకు హోటల్లో అయితే తమ బల్ల దాటి పక్క బల్లకి పోయారు. అక్కడున్న తెల్లాయన తన గ్లాసులో చెంచా దిగడం చూసి, హోటలు మనిషి కాబోలనుకుని, బిల్లు తెమ్మన్నాడు. ఈయన దర్జాగా చెయ్యి ఊపి, "నో బిల్లు. ఫ్రీ" అన్నారు. తెల్లాయన దండం పెట్టి వెళ్లిపోయాడు. వెనకాలే హోటలు మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. ఆ గొడవ తీర్చేసరికి సత్యప్రసాద్ అన్నం చల్లారిపోయింది.

ఇది చాలదని ఇంకో వింత. పచ్చి కీరా ముక్కలో, కేరెట్ ముక్కలో బల్ల మీద పెడితే, పళ్లెం తన వైపు లాక్కుని మొత్తం తానే తినేసేవారు. ఎవరికీ ఒక్క ముక్క దక్కనిచ్చేవారు కాదు. మాణిక్యాంబ ముఖం పక్కకి తిప్పుకునేది. సుభద్రమ్మ తన కుర్చీ కాస్త దూరం జరుపుకునేది. ఐసు ఫ్యాక్టరీ ఉండీ, రొయ్యల చెరువులుండీ, కీరా ముక్కల దగ్గర ఇంత కక్కుర్తా?

దేవుడు ఊరుకోలేదు. అందరూ పడవెక్కి దీవికి వెళ్లే పొద్దున ఆంజనేయరాజు గారు గదిలోంచి బయటికి రాలేకపోయారు. మాణిక్యాంబ ఓఆర్ఎస్ పొట్లాలు సీసా నీళ్లలో కలిపి తాగిస్తూ కూర్చుంది. సాయంత్రం వేలాడుతూ కిందికొచ్చిన ఆయన్ని పెద్దిరాజు వదల్లేదు.

"ఐసు ఏరింది మా గ్లాసుల్లో కదండి రాజుగారూ. కడుపు జారింది మీకేంటండీ?"

"ఐసు తగ్గింది కదండి, అందుకే" అన్నారాయన నీరసంగా.

జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. శ్రీనివాసరాజు కూడా నవ్వాడు. సుభద్రమ్మకి ఆ నవ్వే మింగుడు పడలేదు.

"మీ అన్నయ్యకి మీరైనా చెప్పకూడదా? అందరూ నవ్వుతున్నారు" అంది గదిలోకి వచ్చాక.

"నవ్వనీ. వాళ్లు చూసేది అన్నయ్యనే కదా" అన్నాడు శ్రీనివాసరాజు మాత్ర మింగుతూ.

ఇదేం మాటో ఆమెకి అర్థం కాలేదు. అన్నదమ్ములిద్దరికీ సిగ్గు లేదని సరిపెట్టుకుంది.

ఆ తర్వాతి వానల్లో శ్రీనివాసరాజు పోయాడు. జబ్బు సంగతి అప్పుడు గానీ ఊరికి తెలియలేదు. అతనికి ఒక కోరిక మిగిలిపోయింది. వియత్నాంలో ఏదో నది మన గోదావరిలాగే పాయలై సముద్రంలో కలుస్తుందనీ, అక్కడ పడవల మీదే సంత జరుగుతుందనీ ఫోనులో చూపించి, "ఇది చూడాలి సుభద్రా" అనేవాడు.

"మరిది గారు చూద్దామనుకున్నది నువ్వైనా చూసి రా చెల్లీ. మేమూ వస్తాం" అంది మాణిక్యాంబ, ఏడాది తిరిగాక.

చూడాలని సుభద్రమ్మకీ ఉంది. ఆ చెంచాతో కలిసి చూడాలని మాత్రం లేదు. ఈ ప్రయాణం కూడా ఎక్కడ నవ్వులపాలవుతుందోనని భయపడుతూనే పెట్టె సర్దుకుంది.

మళ్లీ సత్యప్రసాద్ టూరే, మళ్లీ పెద్దిరాజే. అందరూ అనుభవం ఉన్నవాళ్లు కాబట్టి ఆంజనేయరాజు గారు కనిపించగానే గ్లాసు మీద అరచెయ్యి మూసేవారు. చిత్రం, ఆయన ఎవరి జోలికీ పోలేదు. కీరా ముక్కల వంక కన్నెత్తి చూడలేదు. ఇదేదో తుఫాను ముందు గాలి ఆగినట్టుందని జనం ఇంకా గట్టిగా మూశారు.

సంతకి వెళ్లే రోజు పొద్దున్నే పడవ ఎక్కారు. రెండు పక్కలా కొబ్బరిచెట్లు, అరటిగెలలు, బురద గట్లు.

"ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చింది కోనసీమ చూడ్డానికా అండి?" అని పెద్దిరాజు విసుక్కున్నాడు.

సుభద్రమ్మ మాత్రం పడవ అంచు దగ్గరికి జరిగింది. పనసకాయల పడవ ఒకటి, ఉల్లిపాయల పడవ ఒకటి పక్కనుంచి పోతున్నాయి. భర్త ఫోనులో చూపించినవి ఇవే. ఇంతలో చెరుకురసం పడవ వచ్చి ఆనుకుంది. గ్లాసుల నిండా ఐసు. అందరి చేతులూ గ్లాసుల మీదికి పోయాయి.

ఆంజనేయరాజు గారు ఒక గ్లాసు తీసుకున్నారు. ఒక గుక్క తాగారు. ఐసు ముక్క నోట్లో వేసుకుని కరకరా నమిలారు. ఇంకొకటి వేసుకున్నారు.

సుభద్రమ్మ అప్పటిదాకా దాచుకున్నదంతా అక్కడ తెగింది.

"ఏం బావగారూ, ఈ దేశపు ఐసు మడి కట్టుకుని చేశారా?"

ఆయన నమలడం ఆపారు. ఐసు బుగ్గన పెట్టుకుని, దొంగతనంగా బెల్లం తింటూ దొరికిన పిల్లాడిలా చూశారు.

"చెంచా తేలేదమ్మా."

"మర్చిపోయారా?"

"లేదు. ఇక దాంతో పని లేదు కదా."

ఆ మాట అర్థం కాక సుభద్రమ్మ మాణిక్యాంబ వైపు చూసింది.

"ఈయనకి ఐసంటే ప్రాణం చెల్లీ" అంది మాణిక్యాంబ. "అన్నదమ్ములిద్దరూ ఫ్యాక్టరీలో దిమ్మలు కోసే రంపం కింద రాలిన ఐసు నముల్తూ పెరిగినోళ్లే. కీరా ముక్క మాత్రం చస్తే ముట్టరు, వాసనే గిట్టదు. అక్కడ పళ్లేలు పళ్లేలు తింటుంటే చూళ్లేక నేను మొహం తిప్పుకునేదాన్ని. ఎందుకని అడిగితే చెప్పేవారు కాదు. మరిది గారు పోయాక చెప్పారు."

ఆంజనేయరాజు గారు నీళ్ల వైపు తిరిగి మాట్లాడారు.

"థాయిలాండు ముందు ఓ రోజు వాడు ఫ్యాక్టరీకొచ్చాడమ్మా. మామూలుగానే ఓ ముక్క తీసి చేతిలో పెట్టాను. కరిగిపోయేదాకా పట్టుకునే ఉన్నాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. ఐసు తినని శ్రీనివాసుణ్ణి నేనెప్పుడూ చూళ్లేదు. ఏదో ఉందనుకున్నాను. చెప్పాలనుకుంటే వాడే చెబుతాడు కదా అని అడగలేదు."

"మరి ఆ పచ్చి ముక్కలు?"

"మొదటి రోజు పళ్లెం వైపు చెయ్యి చాపి, వెనక్కి తీసేసుకున్నాడు. అదీ చూశాను." ఆయన బుగ్గలో ఐసు ఆ పక్కకి మార్చుకున్నారు. "వాడొక్కడి గ్లాసులో తీస్తే వాడు రోగిష్టోడమ్మా. అందరి గ్లాసుల్లో తీస్తే నేను పిచ్చోణ్ణి. రెండోదే నయం కదా."

సుభద్రమ్మకి థాయిలాండు హోటలు బల్ల మళ్లీ కళ్లముందుకొచ్చింది. ఈసారి ఆమె చెంచా వైపు చూడలేదు. పక్క కుర్చీలో ఐసు లేని గ్లాసు పట్టుకుని, ఐసు లేని అందరి మధ్యా, అందరిలాగే పగలబడి నవ్వుతున్న మనిషిని చూసింది. చూపులన్నీ అన్నయ్య మీద ఉన్నాయి. అతని మీద ఒక్కటీ లేదు.

పెద్దిరాజు ఇంకా గ్లాసు మూసుకునే ఉన్నాడు. ఐసు కరిగి, పడవ ఊగినప్పుడల్లా రసం వేళ్ల సందుల్లోంచి కారుతోంది.

"చెయ్యి తీసి తాగండి రాజుగారూ" అంది సుభద్రమ్మ. "మా బావగారు రిటైరయ్యారు."

అలాగని ఆయన బుద్ధిమంతుడైపోయారని కాదు. ఆ పడవ దిగేలోపు పెద్దిరాజు వద్దన్న ఐసు కూడా అడిగి పుచ్చుకున్నారు. భీమవరం చేరేసరికి గొంతు పట్టేసి కప్పలా బెకబెకమంటున్నారు. మాణిక్యాంబ ఐసు మీద నిషేధం పెట్టి, సొంత ఫ్యాక్టరీలోకి వెళ్లినా పనివాళ్లు కాపలా కాసేటట్టు చేసింది.

ఊరు చేరిన మర్నాడు సుభద్రమ్మ ఫ్రిజ్‌లో ఎన్నాళ్లుగానో బోర్లించి ఉన్న ఐసు ట్రే తీసి కడిగి, కాచి చల్లార్చిన నీళ్లు పోసింది. మధ్యాహ్నం వరండాలో నిమ్మరసం పెట్టింది. గేటు చప్పుడైంది. ఆయన వచ్చి కూర్చున్నారు, ఎప్పటిలాగే గ్లాసులోకి తొంగి చూశారు. చూసి, తల ఎత్తలేదు.

గోడ అవతల్నుంచి మాణిక్యాంబ కేక వినపడింది. "చెల్లీ, ఆయన గొంతింకా తగ్గలేదు. నిమ్మరసంలో ఐసు గానీ వేశావా ఏంటి? వేస్తే తీసెయ్."

"అలాగే అక్కా" అని సుభద్రమ్మ లోపల్నుంచి చెంచా తెచ్చింది.

ఆంజనేయరాజు గారు చెంచా వైపు చూశారు. గ్లాసుని కాస్త తన వైపు జరుపుకున్నారు.

సుభద్రమ్మ చెంచాని భర్త కుర్చీలో పెట్టి, పాలు పొంగుతున్నాయేమో చూసొస్తానని లోపలికి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో ఆ వేళప్పుడు పొయ్యి వెలిగించడమే లేదు.